పట్టాలేని వాడలు

ఒకప్పుడు శామీర్‌పేట మండలములోనిదై, నేడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కాప్రా మండలమున జేరియున్న జవహర్‌నగర్‌లో, ఏండ్ల తరబడి కూలి చేసి కూడబెట్టిన సొమ్ముతో అరువది గజముల స్థలము కొని, నాలుగు గోడలు లేపి, పైన రేకులు పరచుకొన్న మనుష్యుని ‘నీ యింటికి కాగితమున్నదా’ యని అడిగినచో, అతడు బీరువాలోని ప్లాస్టిక్ కవరు నుండి భద్రముగా తీసి చూపునది పట్టా కాదు, నోటరీ కాగితము. మాజీ సైనికుల కొరకని వెనుకటి కాలమున నిర్దేశింపబడిన, ఆరువేల ఎకరములకు చేరువైన ఈ నేలలో ఎవరు ఎవరికి అమ్మిరో, అమ్మినవానికి అమ్ము హక్కు ఏపాటి యుండెనో విచారించు తీరిక లేక, పల్లెలలో బ్రదుకు జరుగక నగరమునకు వచ్చిన జనము ఇచ్చట నిలిచిరి. తరువాత ఇంటి నంబరు వచ్చినది, కరెంటు మీటరు వచ్చినది, రేషను కార్డు వచ్చినది, ఓటు వచ్చినది. 2019లో గ్రామపంచాయతి నగరపాలక సంస్థగా మారినది. పట్టా మాత్రము చాలమందికి రాలేదు. రెవెన్యూవారి జేసీబీ ఏ ఉదయమున ఏ వీధి మలుపు తిరుగునో యను భయముతోనే ఇచ్చట పిల్లలు పుట్టి, పెరిగి, పెండ్లిండ్లు చేసికొన్నారు.

ఈ వ్యాసము భూమి తగవును గూర్చి కాదు. ఇదే జనము గడచిన పదేండ్లలో చేతిలోని ఫోనులయందు మరియొక వాడను కట్టుకొన్నారు. బండ్లపై అన్నము పొట్లములు మోయు యువకుల గ్రూపు, చెత్త ఏరుకొని బ్రదుకు స్త్రీల గ్రూపు, గల్ఫు దేశములలో పాచిపనికి పోయిన తల్లుల గ్రూపు, దళిత విద్యార్థుల గ్రూపు, కన్నవారింట నోరు విప్పలేని ట్రాన్స్‌జెండర్ బిడ్డల గ్రూపు: ఇట్లు వీధి వీధిగా పెరిగిన ఈ వాడ వారికి చేసిన మేలు అపారము. కాని అదియు పట్టాలేని నేలయే. దాని యజమాని యెవడో వారెరుగరు. వారెవరో యజమాని యెరుగడు. నోటీసు లేకయే గోడ కూలును. అణగారినవారికి ఈ ఆన్‌లైన్ సమూహముల వలన మేలా, కీడా యని అడుగువారికి నేను చెప్పునది యిది: మేలు నిజము, ఆ మేలును నిలుపుకొను హక్కు వారి చేతిలో లేకపోవుటయే కీడులలో పెద్దది.

మేలును తక్కువ చేసి చెప్పుట చదువుకొన్నవారికి అలవాటైనది. ఫోను గ్రూపుల ప్రస్తావన రాగానే, గుడ్ మార్నింగు బొమ్మలనియు, పనిలేని ముచ్చట్లనియు పెదవి విరుతురు. వారికి సంఘములున్నవి, పత్రికలకు ఉత్తరము వ్రాయు భాష యున్నది, కచేరీకి పోయినచో కుర్చీ చూపి కూర్చుండబెట్టు పలుకుబడి యున్నది. ఇవి యేవియు లేనివానికి, తనవంటివాడు మరియొకడున్నాడని తెలియుటయే మొదటి బలము. నా దృష్టిలో ఇటీవలి కాలపు మార్పులన్నింటిలో గొప్పది వాయిస్ మెసేజి. దూరముగా నున్న నూరుమందితో ఒక్కమారు మాటాడుటకు పూర్వము అక్షరము కావలసి యుండెను, అచ్చుకూటము కావలసి యుండెను, కనీసము తపాలా ఖర్చు కావలసి యుండెను. ఇప్పుడు బొటనవ్రేలు ఒత్తిపెట్టి మాటాడినచో చాలును. డంపింగ్ యార్డు దారిలో, పాత ఇనుము, ప్లాస్టిక్కు కొను దుకాణము ముందు, భుజము మీది గోనెసంచి దింపి, చేతులు కొంగున తుడుచుకొని, కవరులో చుట్టిన ఫోనును చెవికి ఆనించుకొన్న స్త్రీని చూచితిని. ‘అక్కా, అట్టముక్కల రేటు ఇయ్యాల రెండు రూపాయలు తగ్గించిండు, రేపటిదాక అమ్మకు’ అని ఆ ఫోనులోని గొంతు చెప్పుచుండెను. ఆమె సంచిని మరల భుజమున వేసికొని వెనుకకు మరలెను. ఆ దినము ఆమెకు మిగిలిన నాలుగు రూపాయల లెక్కను ఏ ఆర్థికవేత్తయు వ్రాయడు; కాని బేరము చేయు స్థానమున కొనువాడొక్కడే యుండుట అనాదిగా వచ్చిన ఆచారము కాగా, అమ్మువారు కూడ ఒక్కటై నిలిచిన ముహూర్తమది. చూపు లేనివారికి ఫోను అక్షరమును చదివి వినిపించుటయు, చెవులు వినబడనివారు వీడియో కాలులో సైగలతో గంటల కొలది మాటాడుకొనుటయు ఈ కోవలోనివే.

డెలివరీ యువకుల మాట కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయనగా మన హైదరాబాదులో ఆన్‌లైన్ సమూహము సంఘముగా మారిన వృత్తాంతము వారిది. ఈ కార్మికునకు కార్ఖానా లేదు, మేస్త్రి లేడు, భోజన విరామమున ప్రక్కన కూర్చుండు తోడివాడు లేడు. ఆజ్ఞలన్నియు తెరపై వచ్చును. ఒకనాటి యుదయమున తెర తెరువబడదు. ‘అన్నా, పొద్దున్నుంచి నా ఐడీ బ్లాక్ అయి ఉంది, ఆఫీసుల ఎవరు ఫోన్ ఎత్తుతలేరు, ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి’ అని గ్రూపులో మొర పెట్టుకొనుట తప్ప వానికి గత్యంతరము లేదు. ‘తమ్మీ, నాకు గూడ పోయిన నెల గిట్లనే అయింది, రేపు పొద్దుగాల కలిసి పోదాం’ అను జవాబు వచ్చుట సంఘమునకు తొలి ఇటుక. షేక్ సలావుద్దీన్ నాయకత్వమున తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ బలపడుటకు ఇట్టి గ్రూపులే ఆధారమైనవి. 2022లో నగరమున ఒక గిరాకి, తన అన్నమును ముస్లిము తీసికొని రాకూడదని ఆర్డరులో వ్రాసినప్పుడు, ఆ వ్రాత యొక్క స్క్రీన్‌షాట్‌ను సలావుద్దీన్ బహిరంగముగా లోకము ముందుంచెను. ఇదివరలో ఇట్టి అవమానము గడప దగ్గర జరిగి గడప దగ్గరనే సమసిపోవుచుండెను. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఈ కార్మికులతో సమావేశమై ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించుటయు, 2025 ఏప్రిల్‌లో వీరి కొరకు ప్రభుత్వము ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచుటయు, చెల్లాచెదురుగా నున్న జనము మొదట ఫోనులో కలియకున్నచో సాధ్యములయ్యెడివి కావు.

జవహర్‌నగర్ చెత్తగుట్టకు ఇరువైపుల నున్న రెండు రకముల గ్రూపులను గమనించినచో ఈ విషయములోని చిక్కు మరింత తెలియును. మహానగరపు చెత్త యంతయు వచ్చి పడు ఈ యార్డులో పేరుకొన్న పాత చెత్త కోటి టన్నులను మించగా, దానిపై కప్పు వేసి మూసిరి, 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రమును ప్రారంభించిరి. అయినను దినదినము వేల టన్నుల చెత్త వచ్చుచునే యున్నది, దాని మురుగు మల్కారం చెరువును పాడుచేసినది, దుర్గంధము దమ్మాయిగూడ, నాగారము వరకు ప్రాకుచున్నది. కాలనీల గ్రూపులలో ఈ కంపును గూర్చి రాత్రింబవళ్లు ఫొటోలు, ఫిర్యాదులు, అధికారులకు విన్నపములు నడచును; అది న్యాయమైన పోరాటము. అయితే ఆ గ్రూపులలో చెత్త ఏరు స్త్రీ లేదు. యార్డును మూయవలెనని ఒక వాడ కోరుచుండగా, మూసిన మరునాడు పొయ్యి వెలుగుట యెట్లని మరియొక వాడ తల్లడిల్లుచున్నది. రెండును ఒకే గాలి పీల్చుచున్నను, ఒకరి మాట మరియొకరి ఫోనులో వినబడదు. సమూహమన్నది ఎవరిని చేర్చుకొనునో అంత ముఖ్యముగా ఎవరిని బయట నిలుపునో కూడ చూడవలెను.

గల్ఫు మాట చెప్పక తప్పదు. కోనసీమ నుండి, కడప నుండి కువైటుకు పోయి ఇండ్లలో పని చేయు స్త్రీలకు ఇమో యను యాపులోని కాలే ఊపిరి. రాత్రి పనియంతయు ముగిసిన పిమ్మట వంటగదిలో గొంతు తగ్గించి మాటాడు ఆ పది నిమిషములు లేకున్నచో వారి ఒంటరితనము భరింపరానిదగును. ఎడారిలో పశువులు కాయు పనిలో చిక్కుకొన్న తెలుగు కూలీ యొకడు ఏడ్చుచు తీసిన వీడియో 2024 జూలైలో మంత్రి నారా లోకేశ్ కంటబడగా, ఆ కూలీ ఇల్లు చేరగలిగెను. ఇది మేలే. కాని వీడియో పెట్టిన రాత్రికిని విమానమెక్కిన దినమునకును నడుమ ఆ మనుష్యుడు, ఎవరిమీద ఫిర్యాదు చేసెనో ఆ యజమాని గుప్పిటనే యుండవలెను; పాస్‌పోర్టు కూడ అతని యొద్దనే యుండును. సాక్ష్యము చెప్పు మార్గము తెరువబడినది, సాక్షిని కాపాడు మార్గము తెరువబడలేదు. ఇక ‘విదేశములలో కంప్యూటరు ఉద్యోగము’ అని ఇవే గ్రూపులలో ప్రకటనలు చూచి బయలుదేరిన తెలుగు యువకులు మయన్మారు సరిహద్దులలో సైబరు మోసముల కొట్టములలో బందీలై, 2025 మార్చిలో వందలాది భారతీయులతోపాటు వాయుసేన విమానములలో తిరిగివచ్చిరి. తోడివాని సలహా వలె కనబడిన మాట వెనుక దళారి యుండుట ఈ వాడలలో నిత్యకృత్యమైనది.

హైదరాబాదు గడ్డకు ఇట్టి కూడికలు క్రొత్తవి కావు. 1906లో భాగ్యరెడ్డివర్మ ఈ నగరమున జగన్మిత్ర మండలిని స్థాపించి, అస్పృశ్యులని దూరముగా నుంచబడిన జనమును హరికథల ద్వారమున ఒకచోటికి చేర్చెను. 1911లో మాన్యసంఘమును నెలకొల్పెను. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచములను పేరు తమకు వలదని, తాము ఆది ఆంధ్రులమని చాటుటకు తోడ్పడెను. 1931లో భాగ్యనగర్ పత్రికను నడపెను. ఆ మండలి చిన్నది, ఆ పత్రిక బీదది. నేటి గ్రూపులు ఒక్క రాత్రిలో చేరుకొను జనమును చేరుటకు వారికి పదేండ్లు పట్టియుండును. అయినను హరికథ చెప్పించినది వారు, పాకలో దీపము పెట్టినది వారు, పత్రికలో ఏమి అచ్చుపడవలెనో నిర్ణయించినది వారు. ఇప్పటి దళిత యువకుడు తన మనసులోని మాటను అంతకు లక్షరెట్లు వేగముగా లోకమునకు చెప్పగలడు; కాని ఆ మాట నిలుచుట అతని చేతిలో లేదు. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయమున రోహిత్ వేముల మరణించినప్పుడు, ఆయన చివరి లేఖ దేశమంతట ఫోనులలో చదువబడెను. ఆయన ఫేస్‌బుక్కు వ్రాతలు తరువాత ఆంగ్లమున గ్రంథరూపము దాల్చినవి. గ్రంథరూపము దాల్చినందుననే అవి నేడు ఒక కంపెనీ దయతో నిమిత్తము లేక నిలిచియున్నవని నేను గుర్తుచేయదలచితిని.

ఇక ప్రమాదముల సంగతి. గ్రూపులో చేరుటయనగా చాలచోట్ల తన ఫోను నంబరును వందలమంది అపరిచితుల చేతిలో పెట్టుట. భర్త దెబ్బలు తాళలేక సలహా యడుగవచ్చిన స్త్రీకి, తాను ఆడపిల్లనని ఇంట చెప్పుకొనలేని ట్రాన్స్‌జెండర్ బిడ్డకు, ఆ నంబరు ఎవని చేతబడునో తెలియదు. నిన్న ఓదార్చినవాడే నేడు స్క్రీన్‌షాట్ చూపి సొమ్మడుగును. కలిగినవాని రహస్యము బయటపడినచో పరువు పోవును. వీరి రహస్యము బయటపడినచో ఇల్లే పోవును. 2020 చివర మన రాష్ట్రమున అప్పుల యాపుల దౌర్జన్యము బయటపడినప్పుడు పోలీసులు కనుగొన్నదేమి? ఐదారు వేలు అప్పిచ్చిన వసూలుదారులు, అప్పు తీసికొన్నవాని ఫోనులోని నంబరులన్నియు ముందుగానే దోచుకొని, వాని బావమరదులను, అత్తవారిని, తోడి ఉద్యోగులను ఒక వాట్సాప్ గ్రూపుగా చేర్చి, వాని ఫొటోపై ‘దొంగ’ యని వ్రాసి పంపిరి. అవమానము తాళలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. బంధువులు కూడు చోటు నిందమోపు చోటైనది. గ్రూపను సాధనము మారలేదు, దానిని కట్టినవాని ఉద్దేశము మారినది.

2018 మే నెలను నేను మరువజాలను. పిల్లలను ఎత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వచ్చిన వదంతులు తెలంగాణ పల్లెలను, బస్తీలను ఉన్మత్తములను జేసినవి. మే 26వ తేదీ రాత్రి, పాతబస్తీ చాంద్రాయణగుట్ట ప్రాంతమున, పాలమూరు వైపు నుండి వచ్చిన ట్రాన్స్‌జెండర్ స్త్రీలను జనము చుట్టుముట్టి కొట్టగా ఒకరు మరణించిరి. ఊరు కాని ఊరు, కట్టు వేరు, గొంతు వేరు: ఇంతమాత్రమే వారి నేరము. ఇట్టివారు ఏ ఫోనులో తమవారిని వెదకికొని ధైర్యము తెచ్చుకొందురో, అదే ఫోనులో ప్రక్క వీధివారు వారిపై వదంతిని పంచుకొందురు. అందరికిని సమానముగా అందినట్లు కనబడు ఈ సాధనము అందరి మీదను సమానముగా పనిచేయదు. వదంతి పుట్టినప్పుడు దాని దెబ్బ తగులునది బిచ్చమెత్తువానికి, మతిస్థిమితము లేనివానికి, పరభాష మాటాడు కూలీకి. అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి చేసిన పని ప్రత్యేకముగా చెప్పదగినది. ఊరికొక పోలీసును నియమించి, వారిని ఊరి వాట్సాప్ గ్రూపులలో చేర్పించి, అంతటితో నూరకొనక, డప్పు కళాకారులను పల్లెలకు పంపి, కంటబడిన ప్రతి వీడియోను నమ్మరాదని పాటలు కట్టి పాడించినది. ఆ పల్లెలలో ఆ వదంతులకు ఒక్క ప్రాణము పోలేదు. వాట్సాప్ కంపెనీ జూలైలో మేలుకొని, ఒక సందేశమును ఐదు చోట్లకు మించి పంపరాదని మన దేశమున హద్దు పెట్టినది. డప్పు ముందు వచ్చినది, కంపెనీ వెనుక వచ్చినది.

గ్రూపుల లోపలి అధికారమును గూర్చి కూడ ఒక మాట. అడ్మిన్ అనబడువాడు నేటి వాడపెద్ద. ఎవరిని చేర్చవలెనో, ఎవరిని తొలగింపవలెనో, ఏ మాటను చెరపవలెనో వాని ఇష్టము. దళితుల సమస్యల గ్రూపులో దళిత స్త్రీ, తన వాడలోని మగవాని తాగుడును గూర్చి మాటాడినచో ‘ఇది ఇంటి సంగతి, ఇక్కడ వద్దు’ అని ఆమె నోరు మూయుట నేనెరుగుదును. ఇంటికి ఒకే ఫోను, అది భర్త చేతిలో నున్నచోట ఆమెకు ఆ మాత్రపు ప్రవేశము కూడ లేదు. బయటివాడు వచ్చి కులము పేరుతో తిట్టినచో న్యాయస్థానములు కొంత దారి చూపినవి: ఆన్‌లైన్‌లో అందరును చూడగల చోట చేసిన కులదూషణ, బాధితుడు ఎదుట లేకున్నను, అట్రాసిటీ చట్టము క్రిందికి వచ్చునని 2022లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పినది. లోపలివాడు లోపలివానికి చేయు అన్యాయమునకు కోర్టులు చాలవు. అడ్మిన్ పదవి ఒకరి ఆస్తి కాకుండ ఆరు మాసములకొకమారు మారు కట్టుబాటు, అందులో స్త్రీలకు సగము పాలు, గ్రూపువారే చేసికొనవలెను.

వీటన్నింటికంటె లోతైన ప్రమాదము, నేను మొదట చెప్పిన పట్టా ప్రమాదము. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాపులను నిషేధించినది. దేశభద్రత దృష్ట్యా తీసికొన్న ఆ నిర్ణయపు మంచిచెడ్డలలోనికి నేను పోను. అయితే అప్పటికి మన దేశమున ఇరువది కోట్లమంది చేరియున్న ఆ చోట, సినిమా ముఖము, ఆంగ్లము పలుకు నాలుక లేని పల్లె స్త్రీలు, కూలీలు, ట్రాన్స్‌జెండర్ కళాకారులు మొదటిసారి వేలమంది ఆదరము చవిచూచిరి. పొలము గట్టున ఆడినవారికి, ఇటుకబట్టీ దగ్గర పాడినవారికి అభిమానులేర్పడిరి. కొందరికి నాలుగు రూపాయలును చేకూరినవి. మరునాడు ముగియకముందే సర్వమును పోయెను. తోడివారి నంబరులు వ్రాసికొనుటకు, వీడియోలు దాచుకొనుటకు, ‘ఇకపై ఫలానా చోట కలిసికొందము’ అని చెప్పుకొనుటకు ఒక్క దినపు వ్యవధి దొరకలేదు. కలిగినవారు మరునాడే మరియొక యాపునకు మారి, కెమెరాలు కొని, మనుషులను పెట్టుకొని నిలదొక్కుకొనిరి. మిగిలినవారు మరల ఎవరికిని కనబడని జనములో కలిసిపోయిరి. నిషేధమే కానక్కరలేదు. ఎవడో కక్షగట్టి వందమందితో రిపోర్టు కొట్టించినచో పేజీ పోవును. పోవుటకు కారణము చెప్పు మనిషి యుండడు. అడిగినచో వచ్చు జవాబు యంత్రము వ్రాసిన ఆంగ్లము. డెలివరీ యువకుని ఐడీ బ్లాకగుటయు, ట్రాన్స్‌జెండర్ కళాకారిణి పేజీ మాయమగుటయు ఒక్క జాతి అన్యాయములే.

ఈ అన్యాయమును ఎదిరించుటకు ఆధారముగా మన న్యాయశాస్త్రమున ఒక గొప్ప మాట యున్నది. బొంబాయి ఫుట్‌పాతులపై గుడిసెలు వేసికొన్నవారి పక్షమున ఓల్గా టెల్లిస్ అను పత్రికా రచయిత్రి మొదలగువారు వేసిన వ్యాజ్యములో, 1985 జూలై 10న సర్వోన్నత న్యాయస్థానము, ఫుట్‌పాతుపై ఇల్లు కట్టుకొను హక్కు ఎవరికిని లేదనుచునే, జీవనోపాధి జీవించు హక్కులో భాగమనియు, తొలగింపబోవువానికి నోటీసిచ్చి వాని మాట వినవలెననియు చెప్పినది. వానకాలము ముగియువరకు గుడిసెలు కూల్చరాదని గడువు కూడ పెట్టినది. నేల నీది కాకపోవచ్చును, అయినను నీ మాట వినక నిన్ను పంపరాదు: జవహర్‌నగర్ జనము ఇన్నేండ్లుగా కచేరీల ముందు చెప్పుకొనుచున్నది ఈ న్యాయమునే. ఫోనులోని నేల కంపెనీది కావచ్చును. కాని అందు నివసించు సమూహమునకు అది ఉపాధి, రక్షణ, బంధుత్వము అయినప్పుడు, నోటీసు, కారణము, మనవి చేసికొను అవకాశము, తన సరుకు తాను మోసికొనిపోవు వ్యవధి అను నాలుగింటిని నిరాకరించు అధికారము ఆ కంపెనీకి ఎక్కడి నుండి వచ్చినది? ప్రభుత్వముల నిషేధములకు కూడ ఇదే ప్రశ్న వర్తించును. భద్రత కొరకు ద్వారము మూయవలసివచ్చినప్పుడు సయితము, లోపలి జనము తమ చిరునామాలు తీసికొని బయటికి వచ్చుటకు వారము దినములు మార్గము తెరచియుంచుట అసాధ్యమైన పని కాదు.

2021 నాటి ఐటీ నియమముల ననుసరించి పెద్ద కంపెనీలు ఈ దేశమున ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. ఆ యధికారి పేరు జవహర్‌నగర్‌లో ఎవరికి తెలియును? సొమ్ము పోయినప్పుడు 1930కి ఫోను చేయవచ్చునని కొందరికి తెలిసినది, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో చేసిన ప్రచారము వలన. పేజీ పోయినప్పుడు, ఫొటోను ఎవడో మార్చి తిప్పుచున్నప్పుడు, ఐడీ ఆగిపోయినప్పుడు ఎక్కడికి పోవలెనో అట్లే తెలియవలెను. మీసేవ కేంద్రమున కూర్చున్న యువకుడు కులపత్రమునకు దరఖాస్తు పెట్టించినట్లే ఈ ఫిర్యాదును పెట్టించుటకు ఏమి అడ్డము? తెలుగు తిట్టును తిట్టుగా గుర్తింపగల తెలుగు మనుష్యులను, అందును ఆ తిట్లు పడిన కులములవారిని, కంపెనీలు ఫిర్యాదులు పరిశీలించు పనికి నియమించుకొనుట న్యాయము.

గ్రూపులవారు తమంత తాము చేయగలది కూడ కొంత గలదు, దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. సభ్యుల పేర్లు, నంబరులు ఒక నోటుపుస్తకమున వ్రాసికొని, ఆ పుస్తకమును నమ్మకమైన ఇద్దరి ఇండ్లలో నుంచుట. నెలకొకమారు చెట్టు క్రిందనో, కమ్యూనిటీ హాలులోనో ఎదురెదురుగా కూర్చుండుట. ఫోను లేని పొరుగువారిని ఆ కూడికకు పిలుచుట. రక్షణ కోరి వచ్చినవారి కథను ముఖముతో, పేరుతో బయట పెట్టకుండుట. సలావుద్దీన్ వంటివారి సంఘము రిజిస్టరై, కార్యాలయమునకు పోయి, మంత్రుల ఎదుట కూర్చుండి మాటాడినందుననే నిలిచినది. కేవలము గ్రూపుగా మిగిలినవి ఎన్నియో అడ్మిన్ ఫోను పోయిన దినముననే పోయినవి.

డెలివరీ యువకుల వంటి కార్మికుల కొరకు 2025లో వచ్చిన తెలంగాణ ముసాయిదా బిల్లులో, ముందుగా తెలుపక, కారణము చూపక కార్మికుని తొలగింపరాదను నియమము చేర్చబడుట ఈ దిశలో మంచి అడుగు. ఆ నియమమును అమలుపరచుటలో, నోటీసు తెలుగులోను, ఉర్దూలోను ఉండవలెననియు, చదువరానివానికి వినబడు వాయిస్ రూపమున కూడ రావలెననియు, నోటీసుకును తొలగింపునకును నడుమ ఆ మనుష్యుడు తన సంఘమును వెంటబెట్టుకొని పోయి ఒక సజీవుడైన అధికారితో మాటాడు వ్యవధి యుండవలెననియు మన శాసనసభ్యులు పట్టుబట్టవలెను. మేడ్చల్ నియోజకవర్గపు ఓటరులు తమ సభ్యుని ఈ సంగతి సూటిగా అడుగవలెను.